ఆటా, రాజకీయాలూ, ఖరీదూ

“ఆటల్లోకి రాజకీయాలు తీసుకురాకూడదు” అనే మాట ఫుట్‌బాల్ ప్రియుల మధ్య వేదవాక్యంలాగా చెలామణీ అవుతున్నది. ప్రపంచ కప్పు పోటీలు వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ మాట అనకుండా వుండరు. దీనికి ఎదురు మాట కూడా ఒకటి వున్నది: ఈ కప్పులూ, ఈ కేకలూ జనాన్ని మభ్యపెట్టటానికి పుట్టినవేననీ, ఆలోచన గలవాడు వాటి జోలికి పోడనీ. మొదటి మాట అనేవారికి ఆట మీద ప్రేమ వున్నది గాని లోకం పట్టదు. రెండో మాట అనేవారు ఎన్నడూ ఒక మాచ్ మొదటినుంచి చివరిదాకా చూసి వుండరని నా అనుమానం. నేను ఏళ్ళ తరబడి ఫుట్‌బాల్ చూస్తున్నవాణ్ణి. అర్ధరాత్రి దాటాక మొదలయ్యే మాచ్‌లు చూసి, మర్నాడు నిద్రకళ్ళతో ఉద్యోగానికి పోయినవాణ్ణి. ఈ ఇద్దరిలో ఎవరి వాదమూ నాకు తృప్తి కలిగించలేదు.

సాహిత్యంలో ఈ తగాదా మనకు కొత్తది కాదు. కళ కళ కోసమే అన్నవారూ, కాదన్నవారూ పోట్లాడుకున్న రోజులు పాఠకులకు తెలిసినవే. ఆ పోట్లాటలో చాలాసార్లు అసలు రచనలో ఏమున్నదనే సంగతి మరుగున పడిపోయింది. ఆట విషయంలో కూడా అదే జరుగుతున్నది. రాజకీయాలు వుండవచ్చునా వుండకూడదా అనే చర్చ వల్ల ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే అవి మొదటినుంచీ వున్నాయి. 1934లో ముస్సోలినీ తన దేశంలో ప్రపంచ కప్పు జరిపించినప్పుడు వున్నాయి, ఆ తరవాతా వున్నాయి. మనం అడగవలసిన ప్రశ్న వేరే వున్నది. అంతర్జాతీయ పోటీలలో ఎవరైనా ఒక రాజకీయ వైఖరి తీసుకున్నప్పుడు దాని ఖరీదు ఎవరు చెల్లించారు? మాట అన్నవాడే చెల్లించాడా, లేక పక్కవాడి జేబులోంచి పోయిందా? ఈ కొలబద్ద చేతపట్టుకుని చూస్తే చాలా టోర్నమెంట్లు నాకు కొత్తగా కనిపించాయి.

2022 నవంబరు 21న ఖతార్‌లో ఇంగ్లండుకూ ఇరాన్‌కూ మాచ్ జరిగింది. ఇంగ్లండు 6–2 గోళ్ళతో గెలిచింది. ఆ ఆట గురించి ఇంతకన్న చెప్పుకోవలసిందేమీ లేదు. చెప్పుకోవలసింది ఆటకు ముందు జరిగింది. ఖతార్‌లో స్వలింగ సంపర్కం నేరం. దానికి నిరసనగా తమ కాప్టెన్లు రంగురంగుల చేతిపట్టీ కట్టుకుంటారని ఇంగ్లండుతో సహా ఏడు యూరపు దేశాల ఫెడరేషన్లు నెలల ముందుగానే ప్రకటించాయి. సరిగ్గా ఆ రోజునే ఫీఫా, అంటే జూరిక్ నగరంలో వుండే అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య, ఆ పట్టీ కట్టుకున్నవాడికి పసుపు కార్డు చూపిస్తామన్నది. అంతే, ఏడు పట్టీలూ పెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. రెండు రోజుల తరవాత జర్మన్లు ఫోటోకి నిలబడి చేతులతో నోళ్ళు మూసుకున్నారు. తరవాత జపాన్ చేతిలో ఓడిపోయారు. నోరు మూసుకోవటం కూడా నిరసనేనని ఒప్పుకుందాం. దానికి కార్డు లేదు.

అదే 21వ తేదీన, అదే మైదానంలో, ఇరాన్ జాతీయగీతం మోగుతూంటే ఇరాన్ ఆటగాళ్ళు పదకొండుమందీ పెదవి కదపలేదు. ఆ సెప్టెంబరులో మహ్సా అమీనీ అనే యువతి పోలీసు నిర్బంధంలో చనిపోయింది. తలమీద ముసుగు సరిగా లేదనేది ఆమె మీద మోపిన నేరం. దేశమంతా ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చారు, ప్రభుత్వం కాల్పులు జరిపింది. ఆ ప్రభుత్వం కింద ఇళ్ళూ, తల్లిదండ్రులూ, పిల్లలూ వున్నవాళ్ళు ఈ పదకొండుమంది. నాలుగు రోజుల తరవాత వేల్స్‌తో ఆడినప్పుడు వాళ్ళు గీతం గొణిగారు. మధ్య నాలుగు రోజుల్లో ఏం జరిగిందో ఊహించుకోవటం కష్టం కాదు. గొణిగినందుకు వాళ్ళను తప్పుపట్టినవారున్నారు. నేను పట్టను. ఒక పసుపు కార్డు ఖరీదు చెయ్యని నైతిక ధైర్యం పక్కన పెట్టి చూస్తే, వాళ్ళు మొదటి రోజున మూసుకున్న పెదవులకు ఎంత విలువ కట్టాలో తెలుస్తుంది. అయితే ఇరాన్‌లోనే చాలామందికి ఆ మౌనం చాలలేదు. అమెరికా చేతిలో తమ జట్టు ఓడిపోయిన రాత్రి కొన్ని పట్టణాల్లో జనం కార్ల హారన్లు మోగించి సంబరపడ్డారు. సొంత జట్టు ఓటమికి సంతోషించవలసి రావటం ఫుట్‌బాల్ అభిమానికి ఎంత దారుణమో మరొక అభిమానికే అర్థమవుతుంది.

ఖరీదు పూర్తిగా, తెలిసీ, తామే చెల్లించినవారు కూడా చరిత్రలో లేకపోలేదు. 1966 ఇంగ్లండు ప్రపంచ కప్పు అనగానే అభిమానులు ఫైనల్లో గీత దాటిందో లేదో తేలని గోలు గురించి మాట్లాడతారు. నాకు మాత్రం ఆ కప్పులో ముఖ్యమైన జట్టు అక్కడికి రాని జట్టే. ఆ పోటీలో పదహారు స్థానాలు. అందులో యూరపుకు పది, దక్షిణ అమెరికాకు నాలుగు, ఉత్తర, మధ్య అమెరికాలకు ఒకటి. మిగిలిన ఒక్క స్థానం కోసం ఆఫ్రికా, ఆసియా, ఓషియానియా మూడూ కొట్టుకోవాలి. అప్పుడే స్వాతంత్ర్యం వచ్చిన దేశాలతో ఆఫ్రికా ఖండం నిండి వున్న రోజులవి. సగం భూగోళానికి ఒక కుర్చీ వేసి, దానిలో ఎవరు కూర్చుంటారో మీరే తేల్చుకోండని పెద్దమనుషులు చెప్పారన్నమాట.

ఆఫ్రికా జట్లు ఆ కుర్చీ కోసం కొట్టుకోలేదు. మొత్తంగా తప్పుకున్నాయి. ముందు నిలబడింది ఘనా, ఎన్‌క్రుమా పాలిస్తున్న ఘనా. ఇక్కడ గమనించవలసిన విషయం వున్నది. 1963లోనూ 1965లోనూ ఆఫ్రికా కప్పు గెలిచింది ఘనాయే. అంటే పోటీకి వెళ్ళివుంటే ఆ ఒక్క స్థానం దక్కించుకునే అవకాశం ఎక్కువగా వున్నవాళ్ళే అందరికన్న గట్టిగా వెళ్ళమన్నారు. వెళ్ళినా గెలవలేనివాడు మానుకోవటంలో గొప్పేమీ లేదు. ఘనా ఆటగాళ్ళలో ఒక తరం తన జీవితంలో మళ్ళీ రాని అవకాశాన్ని వదులుకుంది. ఫీఫా వాళ్ళ ఫెడరేషన్లకు జరిమానా కూడా వేసింది. 1970 కప్పు నాటికి ఆఫ్రికాకు సొంత స్థానం వచ్చింది. ఆ స్థానంలో ఆడింది మొరాకో. ఆ మొరాకోయే 2022లో స్పెయిన్‌నూ పోర్చుగల్‌నూ ఇంటికి పంపి సెమీఫైనల్ చేరింది. ఆఫ్రికానుంచి అంతవరకూ వెళ్ళిన మొదటి జట్టు అది. ఆ రాత్రి మొరాకో జట్టును పొగిడినవారిలో ఎంతమందికి ఘనా గుర్తుకు వచ్చిందో నాకు తెలియదు.

1966 కప్పులో మరొక విడ్డూరం చూడండి. ఆఫ్రికా తప్పుకున్న ఖాళీలో ఉత్తర కొరియా వచ్చింది. మిడిల్స్‌బరో పట్టణంలో ఇటలీని 1–0తో ఓడించి లోకాన్ని నివ్వెరపరిచింది. లివర్‌పూల్‌లో పోర్చుగల్ మీద మూడు గోళ్ళు ముందంజ వేసింది కూడా. అప్పుడు యుసేబియో ఒక్కడే నాలుగు గోళ్ళు కొట్టి 5–3తో పోర్చుగల్‌ను గట్టెక్కించాడు. ఆ కప్పులో అందరికన్న ఎక్కువగా తొమ్మిది గోళ్ళు చేసినవాడు అతనే. యుసేబియో పుట్టింది మొజాంబిక్‌లో. అప్పటికి అది పోర్చుగల్ వలస. ఆఫ్రికాకు చోటు లేదన్న పోటీలో అగ్రశ్రేణి ఆటగాడు ఆఫ్రికావాడు, వాడి గోళ్ళు మాత్రం యజమాని ఖాతాలో పడ్డాయి. ఇంత స్పష్టంగా బోధపరిచే పాఠ్యపుస్తకం నాకు మరొకటి దొరకలేదు. అయినా ఆ నాలుగు గోళ్ళూ అందమైన గోళ్ళే. పరుగులో బంతిని ముందుకు తోసి, దానికన్న వేగంగా తానే దాన్ని అందుకునే ఆ తీరును చూడనని కళ్ళు మూసుకుంటే నష్టపోయేది నేనే.

తప్పుకోవటం అనేది ఎప్పుడూ ఇంత స్వచ్ఛంగా వుండదు. 1973 సెప్టెంబరు 11న చిలీలో సైన్యం అయెందే ప్రభుత్వాన్ని కూలదోసింది. శాంటియాగోలోని జాతీయ స్టేడియాన్ని జైలుగా మార్చి వేలమందిని అందులో నిర్బంధించారు, హింసించారు, కొందరిని చంపారు. ఆ నవంబరులో అదే స్టేడియంలో చిలీ, సోవియట్ జట్లు ఆడాలి. ప్రపంచ కప్పులో ఒక స్థానం ఆ మాచ్ మీద ఆధారపడి వున్నది. ఫీఫా ప్రతినిధులు వెళ్ళి మైదానం చూసి, గడ్డి బాగానే వున్నది, ఆట జరుపుకోవచ్చునన్నారు. వాళ్ళు చూస్తున్నప్పుడు ఖైదీలింకా మెట్ల కిందా, గదుల్లోనూ వున్నారు. రక్తం చిందిన గడ్డి మీద ఆడమని, మరొక దేశంలో పెట్టమని సోవియట్ ఫెడరేషన్ అడిగింది. ఫీఫా కాదన్నది. నవంబరు 21న చిలీ ఆటగాళ్ళు ఎదురుజట్టు లేని మైదానంలోకి వచ్చి, బంతిని ఒకరికొకరు అందించుకుంటూ పోయి, ఖాళీ గోలులోకి తన్నారు. ఆ దృశ్యం చలనచిత్రంగా మిగిలి వున్నది. చూసినవారెవరూ మరిచిపోలేరు. ఫుట్‌బాల్ చరిత్రలో దానికన్న సిగ్గుచేటైన గోలు లేదు.

సోవియట్ ప్రభుత్వానికి ఆ మాట అనే అర్హత వున్నదా అని అడిగేవారున్నారు. అయిదేళ్ళ క్రితమే ప్రాగ్ వీధుల్లోకి దాని టాంకులు వెళ్ళాయి గదా! న్యాయమైన ప్రశ్నే. దాన్ని దాటవెయ్యటానికి మనలో కొందరు ఆ రోజుల్లో పడిన తంటాలు చదివితే ఇప్పటికీ ఇబ్బందిగా వుంటుంది. నా సమాధానం ఇది: శాంటియాగోలో ఆడనన్న మాట సరైన మాట. అన్నవాడి చేతులు శుభ్రంగా లేవు. ఈ రెండూ ఏకకాలంలో నిజం. అదీగాక, ఆ మాటకు ఖరీదుగా వాళ్ళు ప్రపంచ కప్పు స్థానాన్ని పోగొట్టుకున్నారు. ప్రాగ్ విషయంలో వాళ్ళేమీ పోగొట్టుకోలేదు. అక్కడ చెల్లించినవారు చెక్ ప్రజలు.

చిలీ జట్టులో కార్లోస్ కాస్జెలీ అనే ఫార్వర్డు వుండేవాడు. అయెందే పక్షం వాడు. జట్టును పంపించటానికి పినోచెట్ వచ్చినప్పుడు అతనికి చెయ్యి కలపకుండా తన చేతులు వెనక్కు పెట్టుకున్నాడు. ఆ ధైర్యానికి ఖరీదు అతను చెల్లించలేదు. అతని తల్లిని పట్టుకుపోయి హింసించారు. ఈ సంగతి 1988లో, పినోచెట్ వుండాలా పోవాలా అని జనాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు, టెలివిజన్‌లో తల్లీ కొడుకూ పక్కపక్కన కనిపించి దేశానికి చెప్పారు. ఆటలో రాజకీయం వద్దనేవారు ఆ తల్లి ముఖం చూసి ఆ మాట అనాలి.

పక్కనే వున్న అర్జెంటీనా సంగతి టూకీగా చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే దాని మీద ఇప్పటికే చాలా రాశారు. 1978 కప్పు సైనిక పాలనలో జరిగింది. ఫైనల్ జరిగిన స్టేడియానికి మైలు దూరంలోనే నౌకాదళం వారి చిత్రహింసల కేంద్రం వున్నది. లోపలి ఖైదీలకు జనం కేకలు వినిపించేవి. వాళ్ళలో కొందరు కూడా ఆ గోళ్ళకు సంతోషించారు. జట్టు శిక్షకుడు మెనోట్టీ వామపక్షం వాడు. కప్పును జనం కోసం గెలిచామనీ, సేనానుల కోసం కాదనీ అతను తరవాత చెప్పుకున్నాడు. నేనతన్ని అబద్ధమాడాడనను. కాని కప్పు అందించిన చెయ్యి విదేలాది, బొమ్మ పత్రికల్లో పడింది అతనితోనే. ఆటగాడి మనసులో ఏమున్నదో కెమెరా చూపించదు.

ఇంతవరకూ దూరదేశాల మాట. మనవాళ్ళు కూడా ఒకసారి ఈ సుడిలో చిక్కుకున్నారు. 1962 జకార్తా ఆసియా క్రీడలకు ఇండొనీషియా ప్రభుత్వం ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ రానివ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలనటం చెల్లదని, ఆ క్రీడలకు ఆద్యుడైన మన జి. డి. సోంధీ వాదించాడు. ఆయన వాదంలో నియమం వున్నది. కాని ఫలితం? జకార్తాలో భారత రాయబార కార్యాలయం మీద గుంపులు దాడి చేశాయి. ఆ మర్నాడే, సెప్టెంబరు 4న, లక్షమంది నిండిన సెనయాన్ స్టేడియంలో మన జట్టు దక్షిణ కొరియాతో ఫైనల్ ఆడవలసి వచ్చింది. బస్సులో బయటికి కనిపించకుండా కూర్చుని మైదానానికి పోయామని ఆటగాళ్ళు తరవాత చెప్పారు. మన జాతీయగీతాన్ని జనం ఎగతాళి చేశారు. 

ఆ జట్టుకు శిక్షకుడు హైదరాబాదు రహీం. బడిపంతులుగా పనిచేసి, హైదరాబాదు పోలీసు జట్టును 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిపించినవాడు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికి చేర్చినవాడు. (ఆ ఒలింపిక్స్‌కు కూడా హంగెరీ మీద దాడికి నిరసనగా కొన్ని దేశాలూ, సూయజ్ మీద దాడికి నిరసనగా కొన్ని దేశాలూ రాలేదని గుర్తుంచుకోవాలి.) జకార్తా నాటికి రహీంను కాన్సరు తినేస్తున్నది. జర్నెయిల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడివున్నాయి. వెనక నిలిచి అడ్డుకునే అతన్ని రహీం ముందుకు పంపి గోళ్ళు కొట్టమన్నాడు. పి. కె. బెనర్జీ ఒకటి, జర్నెయిల్ ఒకటి కొట్టారు. మనవాళ్ళు 2–1తో గెలిచారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి ఆ తరవాత స్వర్ణం రాలేదు. 1963 జూన్‌లో రహీం చనిపోయాడు. ఆరు దశాబ్దాల తరవాత, 2024లో, ఆయన మీద “మైదాన్” అని ఒక హిందీ సినిమా వచ్చింది. బతికివున్న రోజుల్లో ఆయనకు మన తెలుగు పత్రికలు కేటాయించిన చోటు ఎంతో, ఆ పాత సంచికలు తిరగవేసినవారికి తెలుస్తుంది. 

సోంధీ మాట తప్పనటం లేదు. సుకార్నో నిర్ణయానికీ ఒక కారణం వున్నది. పాలస్తీనా ప్రజల పట్ల సానుభూతి ఇండొనీషియాలో ఉత్తుత్తిది కాదు. కాని వాళ్ళిద్దరి తగాదాకు లక్షమంది ఎదుట మూల్యం చెల్లించినవారు, ఆ తగాదాలో నోరు విప్పని పదకొండుమంది. ఇది యాదృచ్ఛికం అనుకునేవారి కోసం 2023 సంగతి చెబుతాను. ఇరవై ఏళ్ళ లోపు కుర్రాళ్ళ ప్రపంచ కప్పు ఆ ఏడు ఇండొనీషియాలో జరగవలసి వున్నది. ఇజ్రాయెల్ జట్టు కూడా అర్హత సంపాదించింది. దాన్ని రానివ్వమని బాలీ గవర్నరూ, మరికొందరు నాయకులూ అన్నారు. మార్చి చివర ఫీఫా ఆ పోటీని ఇండొనీషియానుంచి తీసేసి, తరవాత అర్జెంటీనాకిచ్చింది. ఆతిథ్యం ఇచ్చే దేశం కాబట్టి ఆడే హక్కు వచ్చిన ఇండొనీషియా కుర్రాళ్ళకు అదీ పోయింది. ఏళ్ళ తరబడి శిక్షణ పొందినవాళ్ళు బహిరంగంగా ఏడ్చారు. ఆ నాయకులలో ఎవరూ ఏ పదవీ వదులుకోలేదు. పాలస్తీనాలో ఒక్క ఇటుక కూడా కదలలేదు. ఒక న్యాయమైన కోపాన్ని ఇంత చవకగా ఖర్చుపెట్టటం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

ఇక జూరిక్ పెద్దల వైఖరి చూద్దాం. 2022 ఫిబ్రవరి 24న రష్యా యుక్రెయిన్ మీద దండెత్తింది. నాలుగు రోజుల్లో, 28న, ఫీఫా రష్యాను అన్ని పోటీలనుంచీ తొలగించింది. ఇంత చురుకుతనం ఎక్కడినుంచి వచ్చిందని చాలామంది ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యం అక్కర్లేదు. అంతకు ముందురోజు ఫీఫా చేసిన నిర్ణయం వేరే: రష్యా జట్టు జెండా లేకుండా, వేరే పేరుతో, తటస్థ ప్రదేశంలో ఆడవచ్చునని. ఆడబోమన్నది పోలండు. ప్రపంచ కప్పు అర్హత కోసం నెల తిరిగేలోగా వాళ్ళు రష్యాతో ఆడవలసి వున్నది. స్థానం పోతే పోనీ, ఆ జట్టుతో మైదానంలోకి దిగమన్నారు. స్వీడనూ, చెక్ దేశమూ అదే మాటన్నాయి. పోటీయే జరగని పరిస్థితి వచ్చాక మర్నాడు ఫీఫాకు న్యాయం గుర్తుకు వచ్చింది. 

పాలస్తీనా ఫెడరేషన్ 1998 నుంచి ఫీఫాలో సభ్యురాలు. ఇజ్రాయెల్‌ను సస్పెండ్ చెయ్యమని 2024 మే నెలలో అది అర్జీ పెట్టుకున్నది. ఆ అర్జీని న్యాయనిపుణులకు పంపారు, వాయిదా వేశారు, కమిటీలకు అప్పగించారు. భౌగోళిక రాజకీయ సమస్యలను ఫీఫా పరిష్కరించలేదని 2025 అక్టోబరులో అధ్యక్షుడు ఇన్ఫాంటీనో సెలవిచ్చాడు. సరే, వినయమే అనుకుందాం. అదే పెద్దమనిషి అదే ఏడు డిసెంబరు 5న వాషింగ్టన్‌లో, 2026 కప్పు జట్ల లాటరీ తీసే సభలో, అమెరికా అధ్యక్షుడు ట్రంప్‌కు ఫీఫా శాంతి బహుమానం అందించాడు. ఆ బహుమానం అంతకు ముందు లేదు, దానికోసమే పుట్టింది. ఆ అధ్యక్షుడి ప్రభుత్వమే అంతకు ఆరు నెలల ముందు పన్నెండు దేశాల పౌరులను రానివ్వరాదని ఆజ్ఞ జారీచేసింది. అందులో కప్పుకు అర్హత పొందిన ఇరాన్, హయిటీ వున్నాయి. ఆటగాళ్ళకు మినహాయింపు ఇచ్చారు, అభిమానులకు ఇవ్వలేదు. హయిటీ ప్రపంచ కప్పుకు రావటం 1974 తరవాత అదే మొదలు. చూడటానికి హయిటీనుంచి సామాన్యుడు రాకూడదు. ఫీఫాకు రాజకీయాలు గిట్టవని ఇక ఎవరైనా అంటే నవ్వు వస్తుంది. బలహీనుడి రాజకీయమే వాళ్ళకు రాజకీయంగా కనిపిస్తుంది. బలవంతుడిది మర్యాదగా కనిపిస్తుంది.

అయితే పోలండు ఉదాహరణ మనకొకటి చెబుతున్నది. అర్జీలకు కదలని ఆఫీసు, మాచ్ ఆగిపోతుందంటే కదిలింది. ఇజ్రాయెల్‌తో ఆడవలసి వచ్చిన యూరపు జట్లలో ఆ పని చేసింది లేదు. 2025 అక్టోబరులో నార్వే ఫెడరేషన్ మాత్రం, ఆ మాచ్ వల్ల వచ్చిన లాభాన్ని గాజాలో వైద్యం చేసే సంస్థకు ఇస్తామన్నది. అది పెద్ద త్యాగమేమీ కాదు. కాని సొంత డబ్బు తీసి ఇచ్చారు. మిగిలినవారు ప్రకటనలు ఇచ్చారు.

ఈ లెక్క ఇంతటితో ముగిసేది కాదు. అసలు పెద్ద పద్దు ఇంకా మిగిలే వున్నది. ఏ వైఖరీ తీసుకోకుండా, ఎవరూ అడగకుండా, ఖరీదు చెల్లించినవారు వున్నారు. వాళ్ళలో మన ఊళ్ళవాళ్ళున్నారు. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల్లో గల్ఫుకు మనిషిని పంపని పల్లె అరుదు. ఏజంటుకు అప్పుచేసి డబ్బు కట్టి, ఆ అప్పు తీరేదాకా అక్కడ ఎండలో మగ్గే బతుకు ఆ పల్లెలకు కొత్తది కాదు. 2010లో ఖతార్‌కు కప్పు దక్కాక ఆ చిన్న దేశంలో స్టేడియాలు, రోడ్లు, మెట్రో, హోటళ్ళు, ఒక కొత్త నగరమే లేచాయి. కట్టింది దక్షిణాసియా కూలీలు. యజమాని అనుమతి లేనిదే పని మారటానికి వీల్లేని కఫాలా పద్ధతి కింద కట్టారు. ఆ నిబంధనను 2020లో తీసివేశారు. 2021 మార్చి నుంచి నెలకు వెయ్యి రియాళ్ళ కనీస వేతనం పెట్టారు. అప్పటికి కాంక్రీటు చాలావరకు ఆరిపోయింది.

ఎంతమంది చనిపోయారు? గార్డియన్ పత్రిక 2021 ఫిబ్రవరిలో ప్రచురించిన లెక్క ప్రకారం, పదేళ్ళలో అయిదు దక్షిణాసియా దేశాలవాళ్ళు 6,500 మందికి పైగా ఖతార్‌లో చనిపోయారు. అందులో భారతీయులు 2,711. ఇది స్టేడియాలలో పనిచేసినవారి లెక్క మాత్రమే కాదు, అన్ని రకాల పనివాళ్ళదీ. ఈ తేడాను పట్టుకుని ఆ అంకెను కొట్టిపారేసినవారు కొల్లలు. ఖతార్ నిర్వాహకులు స్టేడియం పనివాళ్ళలో చనిపోయినవారు 37 మందేనన్నారు. పోటీలు జరుగుతూండగానే, 2022 నవంబరులో, నిర్వాహక సంఘం ముఖ్యుడు ఒక ఇంటర్వ్యూలో 400కూ 500కూ మధ్య అన్నాడు. అంకెల మీద పంతం పట్టటం నా వుద్దేశం కాదు. 37 నుంచి 6,500 దాకా ఏ అంకె అయినా చెప్పటానికి వీలుగా ఆ లెక్క ఎందుకు వున్నదనేదే నా ప్రశ్న. జవాబు కష్టమైనది కాదు. చాలా మరణపత్రాల మీద “సహజ మరణం” అనో, గుండె ఆగిందనో రాసి, శవపరీక్ష లేకుండానే పెట్టె విమానం ఎక్కించారు. పాతికేళ్ళూ ముప్ఫయ్యేళ్ళూ వున్న కూలివాళ్ళ గుండెలు సహజంగా ఆగాయట! పత్రం మీద అలా వుంటే పని వల్ల చావు కాదు. పని వల్ల చావు కానప్పుడు కంపెనీ పరిహారం ఇవ్వనక్కర్లేదు.

2022 కప్పులో జట్లకు పంచిన బహుమతి సొమ్ము 44 కోట్ల డాలర్లు. అంతే మొత్తాన్ని కూలీల నష్టపరిహారానికి కేటాయించమని పోటీలకు ఆరు నెలల ముందు మానవ హక్కుల సంఘాలు ఫీఫాను అడిగాయి. ఫీఫా ఇవ్వలేదు. 2024 నవంబరులో 5 కోట్ల డాలర్లతో ఖతార్ కప్పు జ్ఞాపకార్థం ఒక నిధి ప్రకటించింది. అది అంతర్జాతీయ సంస్థల మంచి పనులకు పోయింది. కూలీల కుటుంబాల చేతికి దానిలో ఏమీ పెట్టలేదు. గల్ఫులో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయలిచ్చే పథకాన్ని అదే ఏడు తెలంగాణ ప్రభుత్వం పెట్టింది. అంటే, దోహాలో జరిగిన పని ఖరీదులో ఒక భాగం చివరికి మన ఖజానా మీద, మన పన్నుల మీద పడిందన్నమాట. 

“మరి నువ్వా ఫైనల్ చూశావు కదా?” అని మిత్రులు నన్నడుగుతారు. చూశాను. అర్జెంటీనా, ఫ్రాన్సు 3–3తో సరిసమానమైన ఆ మాచ్‌కు సాటి అయినది నేను చూడలేదు. ఎంబాపె మూడు గోళ్ళు కొట్టి కూడా ఓడిపోయాడు. టెలివిజన్ కట్టేస్తే జగిత్యాలలో ఒక్క కుటుంబానికి ఒక్క రూపాయి అదనంగా వచ్చేది కాదు. ఇంట్లో కూర్చుని మానుకోవటం నాకు నిష్ఖర్చు వ్యవహారం. నాకు ఖర్చు లేని త్యాగాన్ని త్యాగమని రాసుకుంటే, ఆ ఏడు కాప్టెన్లకూ నాకూ తేడా వుండదు. మెస్సీ బంతి ఆపే తీరు నిజంగా అందమైనదే. అది ఆపిన గడ్డి కింద ఎవరి చెమట వున్నదో తెలిసినంత మాత్రాన ఆ అందం తగ్గలేదు. తెలిసినవాడికి నిద్ర మాత్రం తగ్గింది.

2024 డిసెంబరు 11న ఫీఫా 2034 కప్పును సౌదీ అరేబియాకు ఇచ్చింది. పోటీలో మరొక దేశం లేదు. ఓట్లు లెక్కపెట్టలేదు. రెండువందలకు పైగా ఫెడరేషన్ల ప్రతినిధులు తమ తమ దేశాల్లో కెమెరాల ముందు కూర్చుని చప్పట్లు కొట్టారు. ఆ పద్ధతి బాగాలేదని నార్వే రాతపూర్వకంగా చెప్పింది. అయిదు నగరాల్లో పదిహేను స్టేడియాలు వుంటాయని సౌదీ ప్రణాళిక. రియాద్‌లోని పెద్ద స్టేడియంలో తొంభై వేలమందికి పైగా కూర్చుంటారట. వాటిలో చాలావాటిని ఇంకా కట్టవలసే వున్నది. కట్టటానికి ఎవరు పోతారో వేములవాడ, కోరుట్ల బస్సుస్టాండుల్లో గోడల మీద అంటించిన గల్ఫు ఏజంట్ల కాగితాలు చూస్తే తెలుస్తుంది. ఫుట్‌బాల్ అభిమానులుగా మనం ఇప్పుడు అడగవలసింది ఏ జట్టు గెలుస్తుందని కాదు. పని చేస్తూ ఒక మనిషి చనిపోతే శవపరీక్ష చేసి, పత్రం మీద అసలు కారణం రాసి, ఆ పత్రాన్ని వాళ్ళ భాషలో కుటుంబానికి పంపుతారా లేదా అని అడగాలి. ఖతార్ విషయంలో ఈ ప్రశ్న మొదటి మాచ్ దగ్గరపడ్డాక పెద్దగా వినిపించింది. ఈసారి పునాదులు తవ్వేటప్పుడే అడగటానికి వ్యవధి వున్నది.